డాక్టర్ ఎ.ఎస్.రావు గారు



ఈసారి గోడపత్రికలో నేను అయ్యగారి సాంబశివరావు గారి జీవితం రాస్తున్నాను. ఈ పేరు చెప్తే ఎవరే ఆయన అని మీరు అడుగుతారు. సిటీ బస్సు మీద ఎ.ఎస్.రావు నగర్ అని బోర్డు చూశారు కదా! ఆ ఎ.ఎస్.రావు ఈయనే.

ఆయన 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. మోగల్లు అంటే అల్లూరి సీతారామరాజు గారి నాయన వాళ్ళ ఊరు. రామరాజు గారిని 1924లో తెల్లవాళ్ళు కాల్చి చంపినప్పుడు ఈయనకి తొమ్మిదేళ్ళు. మా కోయ గూడెంలో రామరాజు గారి కథ మా అవ్వకి కూడా తెలుసు. రావు గారి గురించి ఎవ్వరికీ తెల్వదు, అందుకే రాస్తున్నాను.

ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివారు. తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి టాటా పరిశోధన సంస్థలో చేరారు. అక్కడ ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద పని చేసేవాళ్ళు. కంటికి కనపడని కిరణాన్ని ఎట్లా లెక్కపెడతారు? దానికి గైగర్ కౌంటర్ అని ఒకటి ఉంటది. గొట్టంలో గ్యాసు, మధ్యలో సన్నని తీగ, ఆ తీగకి వందల వోల్టులు. కిరణం లోపలికి దూరగానే చిన్న కరెంటు దెబ్బ పుడుతుంది. అది మరీ చిన్నది కాబట్టి దాన్ని పెద్దది చేసి, టిక్కు టిక్కుమని లెక్కపెట్టే సర్క్యూటు కావాలి. అలాంటి సర్క్యూట్లు ఆయన, ఆయనతో ఉన్నవాళ్ళు సొంతంగా తయారుచేశారు. ఇప్పటిలాగా చిప్పులు లేవు, అన్నీ గాజు వాల్వులే. పని చేస్తుంటే బల్బులాగా వేడెక్కుతాయి, మాడిపోతాయి.

మన సైన్సు సారు కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి సామాన్లు తెస్తే మేం ఆదివారం ఎఫ్ఎం రేడియో అతికించాం కదా. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్సు, ఎరుపు ఎరుపు గోధుమ గీతలుంటే 220 ఓములు, ఇదంతా చేత్తో పట్టుకున్నాకే నాకు గుర్తుండింది. పుస్తకంలో మూడుసార్లు చదివినా ఎక్కలేదు. రావు గారు వాళ్ళు చేసింది దీనికంటే వెయ్యి రెట్లు కష్టం.

అన్నిటికంటే నాకు అప్సర కథ నచ్చింది. అప్సర మన దేశంలో మొదటి అణు రియాక్టరు. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న మొదలైంది. యురేనియం బ్రిటన్ నుంచి తెచ్చారు గానీ, దాన్ని నడిపే, ఆపే పరికరాలు రావు గారి ఎలక్ట్రానిక్స్ విభాగం ఇక్కడే చేసింది. లోపల న్యూట్రాన్లు ఎన్ని అవుతున్నాయో ఆ పరికరాలే చూపించాలి. లెక్క దాటితే కంట్రోల్ రాడ్లు వెంటనే లోపలికి పడిపోవాలి. పరికరం తప్పు చెప్పిందా, అంతే! విదేశీ డబ్బా కొనుక్కుంటే సులువే. అది చెడిపోతే మాత్రం మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి.

ఇక్కడ ఒక మాట. యురేనియం ఎక్కడుందో వెతికేది కూడా గైగర్ కౌంటరే. ఝార్ఖండ్‌లో జాదుగూడ గని సంతాలులు, హో వాళ్ళు ఉండే చోట ఉంది. మన నల్లమలలో కూడా యురేనియం తవ్వుతారని చెంచు వాళ్ళు భయపడ్డారు. వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. రావు గారి జీవితం రాసేవాళ్ళు ఈ సంగతి రాయరు. ఆ టిక్కు టిక్కు లెక్క ఆ ఊళ్ళ పిల్లలకి కూడా చదవటం రావాలని నాకు అనిపిస్తుంది. వాళ్ళ బావి దగ్గర వాళ్ళే పెట్టి చూసుకుంటారు.

1966 జనవరిలో భాభా గారు విమాన ప్రమాదంలో చనిపోయారు. అయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈసీఐఎల్ ప్రారంభమైంది. దాన్ని నిలబెట్టింది రావు గారే. 1969లో అక్కడ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారైంది. తర్వాత ఈసీ టీవీలు వచ్చాయి. ఓటు యంత్రాలు చేసేది కూడా ఆ కంపెనీయే (బెంగళూరు బీఈఎల్ కూడా చేస్తుంది). మన కోకాపేటలో 2023లో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయిందని పేపర్లో వచ్చింది. ఇక్కడి అద్దాల బిల్డింగులు చూసి హైదరాబాదులో కంప్యూటర్ ఇటువైపే పుట్టిందనుకుంటారు. కాదు, నగరానికి ఆ చివర, ఈసీఐఎల్ దగ్గర అంతకు ముందే పుట్టింది.

ఆయనకి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003 అక్టోబరు 31న మరణించారు. అప్పటికి మనలో ఒక్కరం కూడా పుట్టలేదు.

మీ ఇళ్ళల్లో చెడిపోయిన రేడియోగాని, చార్జర్‌గాని ఉంటే పారెయ్యకండి. సెలవులకి పోయి వచ్చేటప్పుడు తెచ్చి సైన్సు రూములో పెట్టండి, మేం విప్పి చూస్తాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని