ఐదు మాటల కోసం

రాజ్యాంగంలో ఒక చిన్న వాక్యం చేరితే మన ఇంట్లో ఏం మారుతుందిలే అనుకుంటాం. జర్మనీలోని ఎలిజబెత్ జెల్బర్ట్ అలా అనుకోలేదు.

1896లో కాసెల్ పట్టణంలో, సామాన్య కుటుంబంలో పుట్టిందావిడ. తంతి ఆఫీసులో ఉద్యోగం చేసింది. 1920లో ఆడమ్ జెల్బర్ట్‌తో పెళ్లయింది. ఇద్దరు మగపిల్లలు పుట్టాక లా చదివి, 1930లో డాక్టరేట్ తీసుకుంది. 1933లో నాజీలు భర్త ఉద్యోగం తీసేసి, నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆడవాళ్లకి వకీలు వృత్తి తలుపులు మూసుకోబోతుండగా, 1934లో ఆవిడ ఎలాగో ఆ అర్హత సంపాదించింది. ఇల్లు గడిచింది ఆ సంపాదనతోనే.

యుద్ధంలో ఓడి జర్మనీ ముక్కలైంది. పడమటి భాగంలో ముందు రాష్ట్రాలు నిలదొక్కుకున్నాయి, కేంద్రం ఆ తర్వాతే వచ్చింది. దానికి రాజ్యాంగం రాయడానికి రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్న 65 మంది 1948 సెప్టెంబరులో బాన్ నగరంలో సమావేశమయ్యారు. వాళ్లలో ఆడవాళ్లు నలుగురే! ఎలిజబెత్‌ని సొంత రాష్ట్రం హెస్సె పంపలేదు, పక్కనున్న లోయర్ శాక్సనీ పంపింది.

ఓటు హక్కు అప్పటికే ఉంది. కానీ 1900 నాటి చట్టం ప్రకారం ఇంట్లో భర్త మాటే చివరి మాట. అందుకే స్త్రీ పురుషులు సమానమని ఏ మెలికా లేకుండా రాయమంది ఆవిడ. జర్మన్‌లో అది ఐదే మాటలు. అలా రాస్తే కుటుంబ చట్టాలన్నీ కూలిపోతాయని సభ్యులు భయపడ్డారు. తోటి మహిళా సభ్యులే మొదట వెనకాడారు. డిసెంబరులో కమిటీ కాదనేసింది.

ఆవిడ ఊరుకుందా? ఊరూరా తిరిగి ఆడవాళ్లని కదిలించింది. మహిళా సంఘాల నుంచి, రాష్ట్ర శాసనసభల్లోని మహిళా సభ్యుల నుంచి బాన్‌కి ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. రాష్ట్రాలు పంపిన ప్రతినిధులు రాష్ట్రాల నుంచే వచ్చిన గొంతుని ఎలా కాదంటారు? 1949 జనవరి 18న కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. మే 23న రాజ్యాంగం వెలువడింది.

పాత చట్టాలు మార్చుకోవడానికి 1953 మార్చి 31 దాకా గడువిచ్చారు. ప్రభుత్వం ఆ గడువు దాటేసింది. కొత్త చట్టం 1958 జూలైలో గానీ అమల్లోకి రాలేదు. వాక్యం రాయించడం ఒక ఎత్తు, దాన్ని ఇంటిదాకా తేవడం ఇంకో ఎత్తు!

ఎలిజబెత్‌కి కేంద్ర పార్లమెంటులో చోటు దక్కలేదు. రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జి పదవీ అందలేదు. 1986లో కన్నుమూసింది. నాలుగేళ్లకి రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. ఆవిడ పట్టుబట్టి రాయించిన ఐదు మాటలు ఇవాళ ఆ దేశమంతటికీ చట్టమే.