1940లోనే ‘క్లౌడ్’ ఐడియా చేసి చూపించారు.. ఎవరీ జార్జ్ స్టిబిట్జ్?

ఫోన్‌లో మైక్ నొక్కి ఏదో అడుగుతారు. క్షణాల్లో జవాబు వచ్చేస్తుంది. ఆ పనంతా మీ చేతిలో ఉన్న ఫోనే చేసిందనుకుంటున్నారా? చాలాసార్లు కాదు! మీ ప్రశ్న ఎక్కడో దూరంగా ఉన్న డేటా సెంటర్‌కి వెళ్తుంది. లెక్క అక్కడ జరుగుతుంది. జవాబు మాత్రమే మీ దగ్గరికి వస్తుంది. టెక్ భాషలో దీన్నే ఆఫ్‌లోడింగ్ అంటారు. స్మార్ట్‌ఫోన్ సంగతి సరే, ఇప్పటి కంప్యూటర్ కూడా పుట్టని రోజుల్లో ఇదే పని చేసి చూపించారు అమెరికా శాస్త్రవేత్త జార్జ్ స్టిబిట్జ్.

వంటింట్లో మొదలైన ప్రయోగం

స్టిబిట్జ్ 1904లో పెన్సిల్వేనియాలో పుట్టారు. 1930లో కార్నెల్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకుని, న్యూయార్క్‌లోని బెల్ ల్యాబ్స్‌లో చేరారు. అప్పటి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లలో రిలే అనే స్విచ్‌లు ఉండేవి. కరెంట్ వస్తే ఆన్, పోతే ఆఫ్. అంతే! ఆ ఆన్‌ని 1, ఆఫ్‌ని 0 అనుకుంటే లెక్కలు చేయించొచ్చు కదా అని ఆయనకు తట్టింది.

1937 నవంబర్‌లో రెండు రిలేలు ఇంటికి తెచ్చుకున్నారు. పొగాకు డబ్బా రేకు కత్తిరించి స్విచ్‌లు చేశారు. టార్చ్‌లైట్ బల్బులు, బ్యాటరీ తగిలించారు. వంటింటి టేబుల్ మీదే కూడికలు చేసే సర్క్యూట్ రెడీ అయిపోయింది. కిచెన్‌లో పుట్టింది కాబట్టి దానికి ‘మోడల్ కె’ అనే పేరు వచ్చింది.

అప్పట్లో ‘కంప్యూటర్’ అంటే మనిషే!

మరోవైపు బెల్ ల్యాబ్స్‌కి పెద్ద తలనొప్పి ఉండేది. ఫోన్ పరికరాల డిజైన్‌కి కాంప్లెక్స్ నంబర్ల లెక్కలు కావాలి. ఇలాంటి రెండు సంఖ్యల్ని ఒక్కసారి గుణించాలంటే మామూలు గుణకారాలు నాలుగు చేయాలి. మహిళా ఉద్యోగుల బృందం రోజంతా కూర్చుని ఈ లెక్కలు చేసేది. వాళ్లనే కంప్యూటర్లు అని పిలిచేవారు.

ఆ భారం తగ్గించడానికి స్టిబిట్జ్, ఇంజినీర్ శామ్యూల్ విలియమ్స్ కలిసి 400కు పైగా రిలేలతో ఓ మెషీన్ తయారు చేశారు. 1940 జనవరిలో అది పనిలోకి దిగింది. అసలు విశేషం ఏంటంటే.. దాన్ని వాడేవాళ్లు మెషీన్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. మెషీన్ ఓ గదిలో ఉంటే, ఆఫీసులో వేరే చోట్ల పెట్టిన టెలిటైప్‌లలో లెక్క టైప్ చేస్తే చాలు. జవాబు అక్కడే ప్రింటయ్యేది.

మెషీన్ న్యూయార్క్‌లో.. జవాబు హానోవర్‌లో!

1940 సెప్టెంబర్‌లో హానోవర్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో గణిత శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. మెషీన్‌ని చూపించాలి. కానీ అంత పెద్దదాన్ని మోసుకెళ్లడం ఎలా? స్టిబిట్జ్ దాన్ని కదపనే లేదు. ఓ టెలిటైప్‌ని మాత్రం అక్కడ పెట్టించి, న్యూయార్క్‌కి లైన్ కలిపించారు. మధ్య దూరం దాదాపు 400 కిలోమీటర్లు. లైన్ తెగిందా, అందరి ముందూ పరువు పోయినట్టే!

సభలో ఉన్నవాళ్లే స్వయంగా లెక్కలు టైప్ చేశారు. నిమిషం లోపే జవాబులు వచ్చాయి. చూసినవాళ్లలో నార్బర్ట్ వీనర్, తర్వాత ఎనియాక్ కంప్యూటర్ రూపకర్తల్లో ఒకరైన జాన్ మోక్లీ కూడా ఉన్నారు. దూరం నుంచి కంప్యూటింగ్ మెషీన్‌ని వాడిన తొలి ప్రదర్శనగా చరిత్ర దీన్నే గుర్తుపెట్టుకుంది.

మీ ఫోన్‌కీ అదే సూత్రం

ఆ రోజు లైన్ మీద వెళ్లింది కొన్ని అంకెలే. కష్టమంతా అవతలి మెషీన్‌ది. ఇప్పుడూ అంతే. పంపే సమాచారం చిన్నది, చేయాల్సిన లెక్క పెద్దది అయితే క్లౌడ్‌కి పంపడం లాభం. చిన్న పని కోసం పెద్ద వీడియో ఫైల్ పంపితే మాత్రం డేటా, బ్యాటరీ, టైమ్ మూడూ దండగ. అలాంటప్పుడు ఫోన్‌లోనే చేసుకోవడం మేలు. ఇక సిగ్నల్ పోయిందంటే? అవతల ఎంత పెద్ద మెషీన్ ఉన్నా మనకి అందదు. స్టిబిట్జ్‌కి ఆ రోజు ఉన్న టెన్షనే, లిఫ్ట్‌లో నెట్ కట్ అయినప్పుడు మనకీ!

చివరి మజిలీ మళ్లీ అక్కడే

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ప్రభుత్వ రక్షణ పరిశోధనల్లో పనిచేశారు. ‘డిజిటల్’ అనే మాటని ఇలాంటి మెషీన్లకి వాడాలని 1942లో సూచించింది కూడా ఆయనే. 1964లో డార్ట్‌మత్ మెడికల్ స్కూల్‌లో చేరి, వైద్య పరిశోధనలకి కంప్యూటర్లని వాడారు. అదే ఏడాది ఆ కాలేజీలోనే ఒక్క కంప్యూటర్‌ని చాలామంది టెలిటైప్‌ల నుంచి ఒకేసారి వాడుకునే టైమ్ షేరింగ్ సిస్టమ్ మొదలైంది.

1995 జనవరి 31న, 90 ఏళ్ల వయసులో హానోవర్‌లోనే కన్నుమూశారు. న్యూయార్క్ మెషీన్‌తో ఆయన లెక్కలు చేయించిన ఊరు అదే.