సురవరము ప్రతాపరెడ్డి

నల్లగొండ పట్టణము చెంతనే పానగల్ అను ఊరు కలదు. అచ్చటి ఛాయా సోమేశ్వరాలయమును మీలో కొందరు చూచియే యుందురు. గర్భగృహమున శివలింగము వెనుక గోడపై ఒక నీడ పగలెల్ల కదలక నిలిచియుండును. కందూరు చోడులు కట్టించిన గుడి అది. ఊరి చెరువునకు ఉదయసముద్రమని పేరు. అదియు ఆ చోడుల నాటిదే. వనపర్తి ప్రాంతమున మరియొక పానగల్ కలదు. దాని కొండమీద పెద్ద కోట యున్నది. ఈ రెండు ఊళ్ల రాళ్లును మనకు రాజుల సంగతినే చెప్పును. ఏ రాజు ఏ దేవునికి ఎంత భూమి దానమిచ్చెనో శాసనముల వలన తెలియును.

నేను ఉద్యోగమున నున్న దినములలో ఒకసారి మా బడి పిల్లలను సోమేశ్వరాలయమునకు తీసికొనిపోయితిని. నీడ వింతను నేను వివరించుచుండగా, ఒక బాలుడు ఆ స్తంభముల వంక చూచి, ఈ రాళ్లను మోసినవారు మధ్యాహ్నము ఏమి తినిరని అడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. శాసనములలో ఆ సంగతి లేదు. అట్టి ప్రశ్నలకు బదులు వెదకుటకై పూర్వకాలపు తెలుగు గ్రంథములను పెక్కింటిని శ్రద్ధగా చదివిన మహనీయుడొకరు మన పాలమూరు సీమలోనే యుండిరి. వారే సురవరము ప్రతాపరెడ్డిగారు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన జన్మించిరి. వారి స్వగ్రామము నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. తండ్రి నారాయణరెడ్డి, తల్లి రంగమ్మ. బాల్యమున కర్నూలులో చదువుకొని, అచ్చటనే వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతము నభ్యసించిరి. మద్రాసులో పట్టము పొంది, న్యాయశాస్త్రమును గూడ చదివిరి. కొంతకాలము వకీలు వృత్తి చేసిరి కాని, వారి మనస్సు దానిలో నిలువలేదు.

ఆ కాలమున మన ప్రాంతము నిజాము ప్రభువుల యేలుబడిలోని హైదరాబాదు రాజ్యమున నుండెను. రాజభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున గూడ బోధన ఉర్దూలోనే సాగెను. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సభలో ఒక న్యాయవాది తెలుగున మాటలాడబోగా, సభలోనివారు గేలిచేసి ఆయనను కూర్చుండబెట్టిరి. రాజ్యమున తెలుగువారే ఎక్కువ సంఖ్యలో నుండినను, రాజధానిలో తెలుగు పలుకునకు దక్కిన గౌరవ మది! గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము మున్నగు సంస్థానములలో పండితులకును కవులకును ఆదరణము లేకపోలేదు. అయితే వారి కృతులు పెక్కు అచ్చునకు నోచుకొనక ఇండ్ల అటకలపై పడియుండెను. తాటాకులకు చెదలు పట్టుచుండెను.

కొత్వాలు వెంకటరామారెడ్డిగారి పూనికతో హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహము 1918లో వెలసెను. ప్రతాపరెడ్డిగారు కొన్నేండ్లు దాని కార్యదర్శిగా నుండి, అందలి గ్రంథాలయమును పెంపొందించిరి. పల్లెలనుండి వచ్చిన పిల్లలకు అన్నముతోపాటు పుస్తకమును దొరకవలెనన్నది వారి పట్టుదల. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు వెలువడినవి కాని, అవి ఎక్కువ కాలము నిలువలేదు. వాటి వెనుక 1925-26 ప్రాంతమున ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక బయలుదేరెను. వారమునకు రెండుసార్లు వచ్చుచు, అది తెలంగాణమున చదువరులను తయారుచేసెను. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు వీరే అధ్యక్షులు.

ఇట్లుండగా ఒక పండితుడు నిజాము రాజ్యమున తెలుగు కవులు శూన్యమను అర్థము వచ్చునట్లు వ్రాసెను. దీనికి ఘాటైన సంపాదకీయ మొకటి వ్రాసి ఊరకుండినను తప్పులేదు. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయలేదు. కవుల వివరములను, పద్యములను పంపుడని పత్రికాముఖమున కోరిరి. ఊరూరి నుండి ఉత్తరములు రాజొచ్చెను. ఎవరో తాతగారు వ్రాసినవి, ఎవరో సంస్థాన కవులు చెప్పినవి, ఒక బడిపంతులు అల్లినవి, ఇట్లెన్నో చేరెను. అన్నియు గొప్పవని నేననను. కాని 1934లో అవి గోలకొండ కవుల సంచికగా అచ్చై వెలువడినప్పుడు, అందు 354 మంది కవులుండిరి. ఇక వాదమునకు చోటెక్కడిది?

ఆ పని చేయుచుండగానో, అంతకు ముందేయో, ఆయన మనస్సున మరియొక ప్రశ్న మొలకెత్తి యుండవలెను. ప్రాత గ్రంథములను కాపాడుట సరే. వాటిని ఈనాడు ఎందుకు చదువవలెను? పరీక్షకొఱకా? పాండిత్య ప్రదర్శనకొఱకా? ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చిన బదులే 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

చరిత్ర యనగా రాజుల పట్టాభిషేకములును యుద్ధములును అని తలచెడి కాలమది. ప్రతాపరెడ్డిగారు రాజులను ప్రక్కకు జరిపి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పన్నులు చెల్లించిరి, ఏ మూఢనమ్మకములతో బాధపడిరి అని విచారించిరి. తూర్పు చాళుక్యుల కాలము మొదలు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల వరకు, వేయి యేండ్లకు దగ్గరగా, ఈ విచారణ సాగెను. ఆధారములు ఎక్కడ దొరకును? శాసనములు కొంత చెప్పెను. విదేశ యాత్రికుల వ్రాతలు కొంత చెప్పెను. తక్కిన దంతయు కావ్యములనుండియే తీయవలసి వచ్చెను.

అప్పుడొక విచిత్రము జరిగెను. పండితులు తలపై పెట్టుకొను ప్రబంధములు కొన్ని ఆయనకు అంతగా పనికిరాలేదు. వాటిలో ప్రతి పట్టణపు కోటయు ఆకాశము నంటును. ప్రతి నాయిక ముఖమును చంద్రబింబమే. ఒక ఊరికిని మరియొక ఊరికిని భేదమే కానరాదు. పండితులు చిన్నచూపు చూచిన గ్రంథములే ఆయనకు పెన్నిధు లయ్యెను. క్రీడాభిరామమున ఇద్దరు మిత్రులు ఒక దినమంతయు ఓరుగల్లు వీథులలో తిరుగుదురు. వారి వెంట మనమును తిరిగినచో, కోడి పందెములును, పొట్టేళ్ల పోరును కనబడును. ఒక రూకకు కడుపునిండ భోజనము పెట్టు పూటకూటిల్లును కనబడును. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున శ్రీశైలయాత్ర చేయు జనమును, వారు పాడుకొను తుమ్మెద పదములు, వెన్నెల పదములు మున్నగువాటి పేర్లును కలవు. కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక విక్రమార్కుని కథలే యైనను, కథ నడుమ ఆనాటి తెలుగు సంసారములు తొంగిచూచును. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు వరుసగా వచ్చును.

ఆ యాటల పేర్ల దగ్గర ఒక చిక్కు వచ్చెను. నిఘంటువును తెరచినచో, క్రీడావిశేషము అని మాత్రమే యుండును. ఏ క్రీడ? ఎట్లాడుదురు? నిఘంటుకర్త చెప్పడు. తినుబండారమైనచో భక్ష్యవిశేషమనును, పక్షి యైనచో పక్షివిశేషమనును. ఈ వెలితి ప్రతాపరెడ్డిగారిని మిక్కిలి బాధించెను. పండితునకు తెలియని మాట పల్లెటూరి పసులకాపరికి తెలిసియుండవచ్చును కదా! మీ ఊరిలో పెద్దవారు చిన్ననాట ఆడిన ఆటలను గూర్చి మీరును అడిగి చూడుడు.

రాజులు వ్రాసినంత మాత్రమున ఒక గ్రంథమును ఆయన త్రోసివేయలేదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో వానకాలపు వర్ణన కలదు. ముసురు పట్టినది, కట్టెలు తడిసినవి, ఇల్లాలు కొంచెము నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరిగినను పొయ్యి రాజుకొనదు. సామ్రాజ్యము నేలు చక్రవర్తి కంటికి ఈ తడికట్టెల పొయ్యి ఎట్లు కనబడెనో ఆశ్చర్యము! ఇట్టి చోట్లను ప్రతాపరెడ్డిగారు గద్ద వలె పసిగట్టుచుండిరి. ప్రతి ప్రకరణము చివరను తమకు ఆధారమైన గ్రంథముల పట్టికనిచ్చి, కొన్నింటిని గూర్చి తమ అభిప్రాయమును గూడ వ్రాసిరి. ప్రాత పుస్తకములలో ఏవి చదువదగినవని ఎవరైన నన్నడిగినచో, నేను ముందుగా ఆ పట్టికలనే చూపుదును.

అయినను ఈ కొలతనే అన్నింటికిని వర్తింపజేయుటకు నా మనస్సు ఒప్పుకొనదు. పోతన భాగవతమున ఆనాటి ధరవరలు దొరకవు. అంతమాత్రమున దానిని మూసి పెట్టుదుమా? పద్యము చదివినప్పుడు చెవికిని, మనస్సునకును కలుగు హాయికి సాంఘిక చరిత్రలో పద్దు లేదు. మొగలాయి కథలను అంత సరసముగ వ్రాసిన ప్రతాపరెడ్డిగారికి ఈ సంగతి తెలియకపోదు. వారు చరిత్రకారుని కంటితో చదివిరి. మనము ఆ కంటితోను చదువవచ్చును, వేరొక కంటితోను చదువవచ్చును. వారే వాల్మీకిని పరిశీలించి రామాయణ విశేషములు వ్రాసిరి. పల్లె యాచారములను పరిశీలించి హిందువుల పండుగలు వ్రాసిరి.

హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున కలిసిన తరువాత, 1952లో జరిగిన ఎన్నికలలో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. కోట గల ఆ రెండవ పానగల్ ఉన్న సీమ అదియే. ఆ పదవిలో వారు ఎక్కువ కాలము ఉండలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన మరణించిరి. అప్పటికి వారికి ఏబదియేడేండ్లు.

కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తెలుగు గ్రంథములకు బహుమానమిచ్చుట ఆరంభించి, తొలి బహుమానమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించెను. ఆ వార్త వచ్చునాటికి గ్రంథకర్త కన్నుమూసి రెండేండ్లు గడచెను.