విలియం హాయ్

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున హౌక్‌టౌన్ అను చిన్న పల్లె కలదు. 1862వ సంవత్సరము మే 23వ తేదీన విలియం హాయ్ అచట ఒక రైతు కుటుంబమున జన్మించెను. మూడవ యేట అతనికి మెదడు పొరలకు వాపు కలిగించు జ్వరము సోకెను. ప్రాణము దక్కినది గాని వినికిడి శక్తి నశించెను. అందుచేత మాటయు సరిగా పట్టుబడలేదు.

తలిదండ్రులు అతనిని కొలంబస్ నగరములోని బధిరుల పాఠశాలకు పంపిరి. అచట హాయ్ చేతి సంజ్ఞల భాషను నేర్చి, చదువులో తన తరగతికి ప్రథముడై నిలిచెను. పిదప స్వగ్రామమునకు వచ్చి చెప్పులు కుట్టు దుకాణము నడపెను. పని లేని వేళల ఊరి పిల్లలతో బేస్‌బాల్ ఆడుచుండెను. ఆ ఆటయే అతనికి జీవనాధారమయ్యెను. 1886లో విస్కాన్సిన్ రాష్ట్రములోని ఓష్‌కోష్ జట్టు వారు అతనిని చేర్చుకొనిరి.

బేస్‌బాల్ కొంతవరకు మన క్రికెట్టును పోలిన ఆట. ఒకడు విసరిన బంతిని మరొకడు కఱ్ఱతో కొట్టి, నాలుగు బేసులను చుట్టి రావలెను. ప్రతి బంతి మంచిదో చెడ్డదో అంపైరు బిగ్గరగా చెప్పును. ఆ కేక హాయ్‌కి వినబడదు. అతడు వెనుకకు తిరిగి అంపైరు నడిగి తెలిసికొనవలసి వచ్చెడిది. అతడు మరల కుదురుకొనకముందే ప్రత్యర్థులు బంతిని విసరివైచెడివారు. ఇట్లు అతడు మిక్కిలి నష్టపడెను.

హాయ్ నిరాశ చెందలేదు. మూడవ బేసు దగ్గర నిలుచు శిక్షకునితో ఒక ఏర్పాటు చేసికొనెను. బంతి మంచిదైనచో కుడిచేయి, చెడ్డదైనచో ఎడమచేయి ఎత్తవలెను. ఆ సంజ్ఞ చూచి ఆడుటచే మరుసటి యేడు అతని ఆట ఎంతయో మెరుగయ్యెను.

1888లో హాయ్ వాషింగ్టన్ జట్టున చేరెను. బంతి విసరువాని కన్నుగప్పి తరువాతి బేసునకు పరుగెత్తుటలో అతడు నేర్పరి. ఆ యేడు 82 పర్యాయములు అట్లు చేసి నేషనల్ లీగులో ప్రథముడయ్యెను. మైదానపు వెలుపలి భాగమున నిలిచి, దూరము వచ్చిన బంతులను పట్టుట అతని పని. బంతిని తాను పట్టుచున్నానని తెలుపుటకు కీచుమని శబ్దము చేసెడివాడు. ఆ శబ్దము రానిచో సహచరుడే బంతికై పరుగెత్తెడివాడు. 1889 జూన్ 19న అతడు దూరమునుండి సూటిగా బంతి విసరి, ఒకే పోటీలో ముగ్గురిని చివరి బేసు వద్ద ఔటు చేయించెను.

అప్పటి జనులు అతనిని మూగవాడను అర్థముగల డమ్మీ అను పేరుతో పిలిచిరి. హాయ్ ఆ పేరునకు కుంగలేదు. దానినే తన పేరుగా స్వీకరించెను. అతడు చక్కగా ఆడినప్పుడు చప్పట్లు వినబడవని యెఱిగిన ప్రేక్షకులు లేచి టోపీలు ఊపెడివారు.

1902 మే 16న సిన్సినాటి జట్టున ఆడుచున్న హాయ్, న్యూయార్క్ జట్టున బంతి విసరు లూథర్ టేలర్‌ను ఎదుర్కొనెను. టేలరును బధిరుడే. ఇరువురును సంజ్ఞలతోనే పలుకరించుకొనిరి. ఆ యేటితో హాయ్ పెద్ద లీగుల ఆటను విరమించెను. 14 యేండ్లలో అతడు రెండువేలకు పైగా హిట్లు కొట్టియుండెను.

అంపైర్ల చేతి సంజ్ఞలు హాయ్ వలననే పుట్టినవని కొందరందురు. దానికి తిరుగులేని ఆధారము లేదు. తనకు కావలసిన సంజ్ఞను అతడు అడిగి సాధించుకొనెననుట మాత్రము నిజము.

తరువాత హాయ్ సిన్సినాటి సమీపమున పాడిపరిశ్రమ నడపెను. 1961 అక్టోబరు 7న, తన 99వ యేట, ఆ నగరమున జరిగిన ప్రపంచ సిరీస్ పోటీకి తొలి బంతిని విసరెను. అదే సంవత్సరము డిసెంబరు 15న మరణించెను.