హోప్ టౌన్ రేవులో ఒక చిన్న కత్తి: షేర్ అలీ అఫ్రీదీ జీవితం

హోప్ టౌన్ (అండమాన్): అండమాన్ అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. కానీ ఆ జైలు నిర్మాణం 1896లో మొదలైంది. అంతకు 24 ఏళ్ల ముందే, పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా, సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ రేవులో భారత వైస్రాయి ఒక ఖైదీ చేతిలో హతుడయ్యాడు. బ్రిటిష్ పాలనా కాలం మొత్తంలో పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయి ఆయన ఒక్కడే. ఆ ఖైదీ వాడినది తుపాకీ కాదు, ఖడ్గమూ కాదు. నిత్యం ఇళ్లలో కనిపించే తరహా కత్తి.

ఆ ఖైదీ పేరు షేర్ అలీ. ఖైబర్ కనుమ ప్రాంతంలోని తీరా లోయకు చెందిన అఫ్రీదీ తెగ పఠాన్. తెల్లదొరల పాలనను మొదటి నుంచీ ఎదిరించినవాడు కాడు. అతడి జీవితంలో మొదట విస్మయపరిచే విషయం ఇదే. పంజాబ్ అశ్విక పోలీసు దళంలో పనిచేశాడు. 1857 తిరుగుబాటు కాలంలో రోహిల్‌ఖండ్, అవధ్ ప్రాంతాలలో బ్రిటిష్ వారి పక్షాన అశ్విక సైనికుడిగా సేవ చేశాడు. పెషావర్‌లో ఉన్నతాధికారుల వద్ద పరిచారకుడిగా ఉండి వారి మన్ననలు పొందాడు. రేనెల్ టేలర్ అనే అధికారి అతడికి ఒక గుర్రాన్ని, పిస్తోలును, యోగ్యతా పత్రాన్ని బహూకరించాడు. దొరల ఇళ్లలో నమ్మకంగా మసలిన మనిషి అతడు.

ఆ నమ్మకం 1867లో తెగిపోయింది. సరిహద్దు తెగలలో వంశాల మధ్య పగలు తరతరాలు సాగేవి. అలాంటి పగలోనే హైదర్ అనే బంధువును షేర్ అలీ పెషావర్‌లో పట్టపగలు చంపాడన్నది అభియోగం. తాను నిర్దోషినని వాదించినా, 1867 ఏప్రిల్ 2న అతడికి మరణశిక్ష పడింది. అప్పీలులో కర్నల్ పోలక్ ఆ శిక్షను యావజ్జీవ ప్రవాసానికి తగ్గించాడు. పాలకుల దృష్టిలో అది కనికరం. షేర్ అలీ దృష్టి వేరు. అతడి తెగ నీతిలో పగ తీర్చుకోవడం నేరమే కాదు. తాను ఇన్నేళ్లు సేవించిన వారే తనను సముద్రానికి అవతల పారవేశారన్న బాధ అతడిని వదలలేదు.

1869 మార్చిలో వైస్రాయి లార్డ్ మేయో అంబాలాలో దర్బారు తీర్చి, అఫ్గానిస్తాన్ అమీరును ఘనంగా సత్కరించాడు. ఆ అమీరు పేరు కూడా షేర్ అలీయే. రెండు నెలల తరువాత, మే నెలలో, మరో షేర్ అలీ సంకెళ్లతో పోర్ట్ బ్లెయిర్ చేరాడు.

అప్పటి అండమాన్ వలసలో నాలుగు గోడల చెర కంటే సముద్రమే పెద్ద కాపలా. సత్ప్రవర్తన చూపిన ఖైదీలకు సంకెళ్లు సడలించి, వ్యవసాయానికో చేతివృత్తులకో అనుమతించేవారు. షేర్ అలీ ప్రవర్తనలో అధికారులకు తప్పు కనిపించలేదు. అందువల్ల హోప్ టౌన్‌లో క్షురకుడిగా పనిచేసుకోవడానికి అతడికి అనుమతి దొరికింది. హత్యా నేరంపై వచ్చిన మనిషి చేతిలో మంగలి పొది పెట్టడం ఈనాడు వింతగా తోచవచ్చు. కానీ కత్తి లేని బతుకు ఎక్కడుంది? గడ్డం గీయాలన్నా, కూర తరగాలన్నా, కొబ్బరి కొట్టాలన్నా పదునైన వస్తువు కావలసిందే. నేటి ఆయుధ చట్టపు నియమాలు కూడా తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తూనే, ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమలకూ ఉద్దేశించిన వాటిని మినహాయించాయి.

లార్డ్ మేయో ఐర్లండ్‌కు చెందిన ప్రభువంశీకుడు. 1869 జనవరిలో వైస్రాయి పదవి చేపట్టాడు. రాష్ట్ర ప్రభుత్వాలకు ఆర్థిక వ్యవహారాలలో కొంత స్వేచ్ఛనివ్వడం, వ్యవసాయ శాఖను నెలకొల్పడం ఆయన హయాంలోనివే. అజ్మీర్‌లోని మేయో కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అండమాన్ వలస నిర్వహణను చక్కదిద్దడంపై ఆయనకు ప్రత్యేక శ్రద్ధ ఉండేది. అందుకే బర్మా పర్యటన ముగించుకుని, గ్లాస్గో అనే యుద్ధనౌకలో 1872 ఫిబ్రవరి 8న పోర్ట్ బ్లెయిర్ చేరాడు.

భద్రతకు లోటు లేదు. అంతకు కొద్ది నెలల ముందే, 1871 సెప్టెంబరులో, కలకత్తా హైకోర్టు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ కత్తిపోట్లకు బలయ్యాడు. కాబట్టి అధికారులు జాగ్రత్తగానే ఉన్నారు. వైస్రాయి రాకను తెలిపే ఫిరంగుల చప్పుడు విన్న ఉదయమే షేర్ అలీ తన కత్తికి పదును పెట్టుకున్నాడు. పగలంతా అవకాశం కోసం వేచి చూశాడు. రాస్, వైపర్, చాథం దీవుల తనిఖీలో గట్టి కాపలా మధ్య వైస్రాయి సమీపానికి చేరడం సాధ్యం కాలేదు.

సాయంత్రానికి అధికారిక కార్యక్రమం ముగిసినట్లే. ఇంకా వెలుతురు ఉందని, మౌంట్ హారియట్ ఎక్కి సూర్యాస్తమయం చూడాలని మేయోకు కోరిక కలిగింది. సుమారు 1,200 అడుగుల ఎత్తున్న ఆ కొండ అడుగుననే హోప్ టౌన్ రేవు ఉంది. కొండ దిగి వచ్చేసరికి ఏడు గంటలైంది. చీకటి పడింది. కాగడాల వెలుగులో పరివారం రేవు మీదుగా పడవ వైపు సాగింది. పక్కనే నడుస్తున్న సూపరింటెండెంట్ జనరల్ స్టూవర్ట్ ఏదో ఆదేశం ఇవ్వడానికి పక్కకు తప్పుకున్నాడు. మేయో పడవ ఎక్కడానికి మెట్ల వైపు ముందుకు కదిలాడు. ఆ క్షణంలో చీకటిలోంచి ఒక మనిషి దూకి, ఆయన వీపుపై రెండుసార్లు పొడిచాడు. అంతా కొన్ని లిప్తల పని.

పదిమంది మీద పడి షేర్ అలీని పట్టుకున్నారు. అక్కడికక్కడే చంపబోయిన వారిని ఒక ఆంగ్లేయ అధికారి అడ్డుకోవలసి వచ్చింది. నీటిలో పడిన మేయోను పైకి తీసి పడవలోకి చేర్చారు గాని, గ్లాస్గో నౌకను చేరేలోపే ఆయన ప్రాణం పోయింది. నౌకపై ఆయన భార్య, అతిథులు రాత్రి భోజనానికి ఎదురుచూస్తున్నారు.

విచారణ వెంటనే జరిగింది. ఎవరు చేయించారన్న ప్రశ్నకు, దేవుడి ఆజ్ఞ మేరకు చేశానని, దేవుడు తప్ప తనకు భాగస్వామి లేడని షేర్ అలీ చెప్పాడు. వైస్రాయినీ సూపరింటెండెంట్‌నూ ఇద్దరినీ చంపాలన్నది తన సంకల్పమని కూడా వెల్లడించాడు. వహాబీ ఉద్యమకారుల కుట్ర ఉందేమోనని ప్రభుత్వం అనుమానించింది గాని, అది రుజువు కాలేదు. పాలకులు దీనిని ఒక ఉన్మాది వ్యక్తిగత పగగా తేల్చేశారు. తరువాతి కాలంలో కొందరు దీనిని స్వాతంత్ర్య పోరాటంలో తొలి ఘట్టాలలో ఒకటిగా చూశారు. రెండు తీర్పులూ తొందరపాటువే అనిపిస్తుంది. కొలువిచ్చిన చేతులే శిక్ష వేశాయన్న అవమానాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ మనిషి అర్థం కాడు.

కలకత్తా హైకోర్టు ఫిబ్రవరి 20న మరణశిక్షను ఖరారు చేసింది. 1872 మార్చి 11న వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీశారు. అప్పటికి మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ తాత్కాలిక వైస్రాయి బాధ్యతలలో ఉన్నాడు. కోస్తా తెలుగు జిల్లాలు ఆయన పాలనలోనివే. మేయో భౌతికకాయాన్ని కలకత్తా మీదుగా ఐర్లండ్‌కు తరలించి, కిల్డేర్ ప్రాంతంలోని జాన్స్‌టౌన్‌లో ఖననం చేశారు.

మూడేళ్ల తరువాత విలియం విల్సన్ హంటర్ మేయో జీవిత చరిత్రను ప్రచురించాడు. హత్యాఘట్టాన్ని వివరంగా రాసిన ఆయన, హంతకుడి పేరును గాని, ఊరును గాని, తెగను గాని గ్రంథంలో నమోదు చేయడానికి ఉద్దేశపూర్వకంగా నిరాకరించాడు. అయినా సంకెళ్లతో ఉన్న షేర్ అలీ ఛాయాచిత్రం మిగిలింది, పేరూ మిగిలింది. మేయో చివరి సూర్యాస్తమయం చూసిన కొండ పేరును మాత్రం 2021లో మౌంట్ మణిపూర్‌గా మార్చారు.