కోర్ఫు కోట ముందు పాలరాతి మనిషి

పోయినేడు మా తోటికోడలి కూతురు, అల్లుడు గ్రీసు దేశం చూసొచ్చారు. ఫోటోలు చూపిస్తుంటే ఒకచోట నా చూపు ఆగిపోయింది. పాత కోట, దాని ముందు ఎత్తయిన దిమ్మ మీద తెల్లని పాలరాతి మనిషి. ఒంటి మీద రోమన్ యోధుడి కవచం. ఎవరే ఈయన అంటే, ఏమో పిన్నీ, అక్కడ వెలుతురు బాగుందని నిలబడ్డానంది. నాకేమో పేరు తెలియని విగ్రహాన్ని వదిలిపెట్ట బుద్ధి కాదు. వంటలయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని ఆయన కథ చదివాను.

ఆయన పేరు యోహాన్ మథియాస్ ఫాన్ డెర్ షూలెన్‌బర్గ్. గ్రీకువాడు కాదు. 1661లో జర్మనీలోని మాగ్డెబుర్గ్ దగ్గర పుట్టాడు. విగ్రహం ఉన్నది కోర్ఫు దీవిలో. ఆ దీవి అప్పట్లో వెనిస్ రాజ్యానిది. జర్మనీ మనిషి వెనిస్ కోసం గ్రీకుల దీవిని కాపాడటం ఏమిటని నాకూ అనిపించింది. ఆ రోజుల్లో సేనాపతులు అంతేనట, ఎవరు జీతమిస్తే వాళ్ల కొలువు.

నిజం చెప్పాలంటే యాభై దాటేదాకా ఆయన జాతకం అంతంతమాత్రమే. సాక్సనీ కొలువులో ఉండగా స్వీడన్ వాళ్లతో తలపడ్డాడు. 1704లో శత్రువు తరుముకొస్తుంటే సైన్యాన్ని చెదిరిపోనివ్వకుండా ఓడర్ నది దాటించాడు. అంటే పేరొచ్చింది వెనక్కి నడవడంలో! 1706లో ఫ్రౌస్టాట్ దగ్గర తనకంటే చిన్న సైన్యం చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. 1711లో ఆ కొలువే వదిలేశాడు.

అన్నట్టు, ఆయన చెల్లెలు మెలుసీనే గురించి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండు రాజు మొదటి జార్జికి చివరిదాకా తోడుగా ఉన్నది ఆవిడే. పెళ్లాడిన భార్యనేమో ఆ రాజు 30 ఏళ్లకు పైగా నిర్బంధంలో ఉంచాడు. మెలుసీనేకి ముగ్గురు ఆడపిల్లలు. కన్నబిడ్డలని పైకి చెప్పుకునే వీల్లేక తోబుట్టువుల పిల్లలుగా పెంచింది. అన్నగారి యుద్ధాలకంటే ఆ ఇంటి సంగతే నన్ను ఎక్కువసేపు పట్టుకుంది.

1715లో వెనిస్ ఆయన్ని పిలిచింది. దక్షిణ గ్రీసంతా ఒక్క వేసవిలో తుర్కుల పాలైన ఏడాది అది. ఇక మిగిలిన గుమ్మం కోర్ఫు. అది పోతే శత్రువు నేరుగా వెనిస్ ముంగిట్లోని సముద్రంలోకి వస్తాడు. షూలెన్‌బర్గ్ దీవికి చేరి గోడలు బాగు చేయించాడు, కందకాలు సరిచేయించాడు, ఉన్న కొద్ది సైన్యాన్ని దారిలో పెట్టాడు. 1716 జూలైలో దాదాపు 30 వేల మంది తుర్కులు దిగారు. లోపల కొన్ని వేల మందే. జీతానికొచ్చిన జర్మన్లు, ఇటలీవాళ్లు, స్లావులు, ఊళ్లోని గ్రీకులు, యూదులు.

ఆగస్టులో అసలు దాడి జరిగింది. కోటకు వెలుపలున్న ఒక బురుజు తుర్కుల చేతికి చిక్కింది. అంతటి సేనాపతీ కొన్ని వందల మందిని వెంటబెట్టుకుని తానే బయటికొచ్చి, పక్కనుంచి మీదపడి దాన్ని మళ్లీ లాక్కున్నాడు. ఆ రోజు ఆడవాళ్లు, మతగురువులు కూడా గోడలెక్కారంటారు. ఆ వెంటనే పెద్ద గాలివాన. గుడారాలు కొట్టుకుపోయాయి. హంగరీ వైపు పెట్రోవరదీన్‌లో తుర్కులు ఓడిపోయిన కబురు కూడా అప్పుడే. ఫిరంగులు అక్కడే వదిలేసి ఓడలెక్కారు.

ఇంతకీ దీవిని కాపాడిందెవరు? దీవి జనం తమ పుణ్యపురుషుడు సెయింట్ స్పిరిడాన్ అన్నారు. ఏటా ఆగస్టు 11న ఊరేగింపు అందుకే. వెనిస్ ప్రభుత్వం షూలెన్‌బర్గ్ అంది. ఏడాదికి 5 వేల డకట్ల పింఛను, రత్నాల కత్తి, బతికుండగానే విగ్రహం. చెక్కింది ఆంటోనియో కొరాడీని. ముసుగు వెనక ఆడవాళ్ల ముఖం కనబడేంత పల్చగా రాతిని చెక్కగల మనిషి. నా మటుకు నాకు గాలివానా నిజమే, హంగరీ కబురూ నిజమే. కానీ అవి వచ్చేదాకా నలభై రోజులు తలుపు తెరుచుకోకుండా పట్టుకున్నదీ నిజమే. ఓడిపోయి కొలువు వదిలేసిన మనిషికి 55వ ఏట ఆ పని చేతనైంది చూడండి, అది నాకు నచ్చింది. గోడలెక్కిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

తర్వాత ఆయన వెనిస్ కొలువు వదల్లేదు. ముసలితనంలో చిత్రాల పిచ్చి పట్టుకుంది. 900కు పైగా కొన్నాడు. 1747లో, 85 ఏళ్ల వయసులో, వెరోనాలో పోయాడు.

ఆ గెలుపు మీద మరో కానుక కూడా ఉంది. 1716లోనే వివాల్డి ఒక సంగీత కథ కట్టాడు. శత్రు సేనాపతి హోలోఫెర్నెస్ తల నరికిన యూదితు అనే విధవరాలి కథ. పాడింది వెనిస్‌లోని పియెటా అనాథాశ్రమం ఆడపిల్లలు. మగ పాత్రలు కూడా వాళ్లవే. మొన్న కూరలు తరుగుతూ విన్నాను. భాష లాటిన్, ఒక్క ముక్క అర్థం కాలేదు. హోలోఫెర్నెస్ వంతు వచ్చినప్పుడు మాత్రం కత్తిపీట పక్కన పెట్టేశాను. బొంగురుగా, ధీమాగా ఉన్న ఆ గొంతు ఓ ఆడపిల్లది.