తీగచుట్టల శిల్పి లియో ఫెండర్

విద్యుత్తుతో పలికే గిటారును ఎరుగని విద్యార్థి నేడు అరుదు. మన చలనచిత్ర గీతాలలోను, కళాశాల వార్షికోత్సవ వేదికల మీదను ఆ వాద్యం వినిపిస్తూనే ఉన్నది. కాని ఆ వాద్యానికి ప్రాణమిచ్చే చిన్న కాయిలును గురించి గాని, ఆ కాయిలును చుట్టే యంత్రాన్ని గురించి గాని ఆలోచించినవారు బహు కొద్దిమంది. జీవితంలో అధిక భాగాన్ని ఇట్టి పనికే అర్పించిన అమెరికా దేశీయుడు లియో ఫెండర్ చరిత్రను సోదర సోదరీ విద్యార్థుల ముందుంచడమే మా ఉద్దేశం.

లియో ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులు నారింజ తోటను సాగుచేసుకొనే సామాన్య రైతులు. బాల్యంలోనే వ్యాధి కారణంగా ఒక కన్ను పోయి, దాని స్థానంలో గాజు కన్ను అమర్చవలసి వచ్చినది. మోటారు వాహనాల విద్యుత్ పనులు చేసే బంధువు ఒకరు ఒకసారి పాత రేడియో భాగాలను పెట్టెలో పెట్టి పంపగా, ఆ పెట్టెయే ఆ బాలునికి పాఠశాల అయినది. అయినను కళాశాలలో ఆయన చదివినది విద్యుత్ శాస్త్రం కాదు, గణకశాస్త్రం. మన వాణిజ్యశాఖ విద్యార్థుల వలెనే జమాఖర్చులు నేర్చి, ఉద్యోగంలో చేరారు. ఆర్థిక మాంద్యపు రోజులలో ఆ ఉద్యోగం పోయినది. మరియొకటి దొరికినది, అదియు నిలువలేదు. అప్పుడు 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో మరమ్మతు దుకాణం తెరిచారు.

ఆ దుకాణానికి వాద్యకారులు తమ గిటార్లను, ధ్వనివర్ధకాలను మరమ్మతుకు తెచ్చేవారు. ఏ భాగం త్వరగా చెడిపోవుచున్నదో, ఎక్కడ ధ్వని వికటించుచున్నదో ఫెండర్ అక్కడనే గ్రహించారు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఆయనకు గిటారు వాయించడం రాదు. రాదు గనుకనే వాయించేవారి మాటను శ్రద్ధగా వినేవారు. డాక్ కాఫ్‌మన్ అనే మిత్రునితో కలిసి 1945లో వాద్యాల తయారీ ప్రారంభించి, అనంతరం స్వంత సంస్థను నెలకొల్పారు. 1951 నాటికి టెలికాస్టర్ గిటారు, అదే సంవత్సరంలో ప్రెసిషన్ బాస్, 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడినవి.

ఈ గిటార్ల స్వరం పికప్ అనే భాగంలో పుట్టుచున్నది. తీగ చుట్టలో అయస్కాంత క్షేత్రం మారినప్పుడు విద్యుత్తు జనించునని ఫారడే 1831లో నిరూపించిన సూత్రమే దీనికి మూలం. స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు నిలువుగా నిలిచి ఉండును. వాటి చుట్టూ ఎనామెల్ పూతగల రాగి తీగను సుమారు 8,000 చుట్లు చుట్టవలెను. ఆ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, అనగా మన తలవెంట్రుక పాటిది. ఒక్క పికప్‌కు సుమారు ఒక కిలోమీటరు తీగ పట్టును! పైన ఉక్కు తంతి కంపించగానే ఆ కాయిలులో స్వల్ప విద్యుత్తు పుట్టి, ధ్వనివర్ధకంలో నాదమై వినిపించును. చుట్లు పెంచిన ధ్వని బలపడును గాని, తారస్థాయి మెరుపు తగ్గును. చుట్లు తగ్గించిన స్వరం స్వచ్ఛమగును గాని, బలం చాలదు.

కనుక కాయిలు చుట్టే యంత్రాన్ని ఎన్నుకొనడం స్వరాన్ని ఎన్నుకొనడమే అగును. మన వీధులలోని మోటారు వైండింగు దుకాణాలలో చేతిపిడితో త్రిప్పే యంత్రాలను అందరమూ చూచియే ఉన్నాము. పంకాల తీగ కొంత మందమైనది గనుక మోటు చేతిని సహించును. పికప్ తీగ సహించదు. బిగువు హెచ్చిన సాగి తెగిపోవును. తగ్గిన చుట్లు వదులై, ధ్వనిని పెంచినప్పుడు కీచుమని అరచును. కాబట్టి ఇట్టి యంత్రాన్ని కోరువారు నాలుగు గుణాలను పరీక్షింపవలెను. మోటారు కుదుపు లేక మెల్లగా కదలి, కాలి మీట ఒత్తిడిని బట్టి వేగం పుంజుకొనవలెను. బాబిన్ వంకర లేక నడిమధ్యన తిరుగవలెను. తీగ బాబిన్ అంచులు దాటకుండ ఇరువైపుల అడ్డు ఉండవలెను. చుట్ల లెక్క చూపే సాధనం నమ్మదగినదై ఉండవలెను. తీగను ఇటునటు తనంతట నడిపించే ఖరీదైన అమరిక వీటి తరువాతి మాట.

ఫెండర్ కార్ఖానాలో 1950 దశకంలో నడచిన పద్ధతి చూడుడు. బాబిన్‌ను మోటారు త్రిప్పెడిది. తీగను మనిషి వ్రేళ్లు నడిపెడివి. ఆ వ్రేళ్లు అధికంగా స్త్రీలవి. 1956లో చేరిన అబిగేల్ ఇబార్రా అను శ్రామిక మహిళ చుట్టిన పికప్‌లను తరువాతి కాలంలో వాద్యకారులు పేరుపెట్టి అడిగేవారు. చేతితో నడిపిన తీగ వరుసలు అచ్చుగుద్దినట్లు ఉండక ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా పడును. అందువలన ఏ రెండు పికప్‌లును సర్వసమానాలు కావు. నేటి యంత్రాలు ఆ తేడాలను తొలగించగలవు. కాని చేతివాటపు అల్లికనే కోరి, వ్రేళ్లతో చుట్టే నిపుణులు నేటికిని ఉన్నారు.

ఇంతటి ప్రతిష్ఠ పొందిన తరుణంలో ఫెండర్‌ను అనారోగ్యం పీడించినది. తన కాలం తీరినదని భావించి, 1965 జనవరిలో సంస్థను సి.బి.యస్.కు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించారు. తరువాత మరియొక వైద్యుని చికిత్సతో ఆరోగ్యం చేకూరినది. కాని సంస్థ చేయిదాటినది. తన పేరుతోనే గిటార్లు వెలువడుచుండగా వాటిపై తనకు అధికారం లేని విచిత్ర స్థితి ఆయనది. 1970 దశకంలో ఆ గిటార్ల నాణ్యత తగ్గినదన్న అభిప్రాయం వాద్యకారులలో ప్రబలి, 1965కు పూర్వపు గిటార్లకు గిరాకీ పెరిగినది. 1985లో సంస్థ ఉద్యోగులే మరికొందరితో కలిసి దానిని కొనుగోలు చేసి, పూర్వవైభవానికి పాటుపడినారు.

ఫెండర్ ధనంతో తృప్తిచెంది ఊరకుండలేదు. మ్యూజిక్ మ్యాన్ సంస్థలోను, పిదప జి అండ్ ఎల్ సంస్థలోను మరల పనిబల్ల ముందు కూర్చుండి క్రొత్త పికప్‌లను రూపొందించారు. పార్కిన్సన్ వ్యాధి పీడించుచున్నను పని మానలేదు. 1991 మార్చి 21న కన్నుమూసిరి.

పట్టభద్రులై బయటికి వెళ్లబోవు మన విద్యార్థులలో చదివిన చదువుకు తగిన ఉద్యోగం అందరికీ లభింపకపోవచ్చును. ఉద్యోగం పోయిన గణకుడు తన లెక్కల చదువును వృథా అనుకొనలేదు. ఎన్ని చుట్లకు ఎంత స్వరమో అదే లెక్కతో తేల్చుకొన్నాడు. మన కళాశాలలోను ప్రయోగశాల గలదు, దానికి సమీపంలోనే వైండింగు దుకాణాలు గలవు. పాఠం ముగిసిన పిమ్మట ఒక గంట ఆ దుకాణపు గట్టుమీద కూర్చుండి, పనివాని వ్రేళ్లను గమనింపుమని మా సోదరులకు, సోదరీమణులకు మనవి. కళాశాల సంఘంవారు ఒక చిన్న వైండింగు యంత్రాన్ని ప్రయోగశాలకు సమకూర్చగలిగిన, ఆ గమనిక అక్కడ చేతిపనిగా మారగలదు.